గిడ్డంగికి పరారుణ కిరణపు కావలి
నెలకొల్పు విధము – లోపములు కనుగొను విధము

పంట యింటికి వచ్చువరకు రైతునకు వానభయము, పురుగుభయము; వచ్చిన పిమ్మట దొంగభయము. సహకార సంఘపు గిడ్డంగిలో నిలువయుండునది యొక్కని సొత్తు కాదు, ఊరందరి సొత్తు. విత్తనములు, ఎరువుల బస్తాలు, ఋణమునకై కుదువపెట్టిన ధాన్యము, మరమ్మతునకై తెచ్చియుంచిన మోటార్లు, వానిలోని రాగితీగె, ఇవి యన్నియు నొకే తాళము వెనుక నుండును. కావలివాడు ఎంత నమ్మకస్థుడైనను నాలుగు ప్రక్కలను ఏకకాలమున చూడజాలడు. అందుచేత కావలివానికి తోడుగా పరారుణ కిరణపు కావలి యంత్రములను, అనగా బజారులో బీము సెన్సార్లని పిలువబడువానిని, పెట్టుకొను ఆచారము పట్టణములనుండి గ్రామములకును వచ్చుచున్నది.

ఈ యంత్రమును కొనుట సులభము. దానిని నమ్మదగినదిగా నిలుపుట కష్టము. నాన్నా పులి కథ నెరుగనివారు మనలో లేరు. అర్ధరాత్రమున సైరను మ్రోగినపుడు నిద్రలేచి, లాంతర్లును కఱ్ఱలును పట్టుకొని పరుగెత్తి వచ్చువారు సంఘసభ్యులే. మూడుమారులు వచ్చి, ఏమియు లేక తిరిగిపోయినవారు నాలుగవమారు లేవరు. దొంగ వచ్చునది ఆ నాలుగవమారే కావచ్చును. కావున తప్పుకూత కూయు యంత్రముకంటె యంత్రము లేకుండుటయే మేలు. ఏలయనగా యంత్రము లేనిచోట కావలివాడైనను మేలుకొనియుండును. ఈ పాఠమున చెప్పబోవునదంతయు ఈ యొక్క విషయమును గూర్చియే: కూత వచ్చినపుడు అది నిజమైన కూతయే యగునట్లు చేయుట యెట్లు?

1. ఈ కిరణ మెట్టిది?

సూర్యకాంతిని మూడు పలకల గాజుకడ్డీగుండ పోనిచ్చినచో అది ఇంద్రధనుస్సులోని రంగులుగా విడిపోవును. 1800 సంవత్సరమున ఇంగ్లాండు దేశమున విలియం హెర్షెల్ అను జ్యోతిశ్శాస్త్రవేత్త, ఒక్కొక్క రంగులో ఉష్ణమాపకము నుంచి వేడిమిని కొలుచుచు, ఎరుపురంగునకు ఆవల, కంటి కేమియు కానరాని చోట గూడ వేడిమి యున్నదని కనుగొనెను. అరుణమునకు ఆవల నుండునది గావున దీనిని పరారుణ కిరణ మనుచున్నాము. కావలి యంత్రములలో వాడు కిరణముయొక్క అల పొడవు మిల్లీమీటరులో వేయింట నొక వంతుకంటె కొంచెము తక్కువ. ఇంటిలోని టెలివిజను రిమోటునుండి వెలువడునదియు నీ జాతి కిరణమే.

ఇది కాంతియేయని మరవరాదు. కాంతి తిన్నగా పోవును. అడ్డు వచ్చినచో నిలిచిపోవును. మెరుగైన రేకుమీద పడినచో అద్దముమీద పడినట్లే మరలును. దుమ్ము, పొగమంచు, జడివానలచేత క్షీణించును. ఈ నాలుగు గుణములను మనస్సున నుంచుకొన్నవారికి ఇక ముందు చెప్పబోవు లోపములలో అధికభాగము తమంతట తామే తోచును.

2. యంత్రము పనిచేయు తీరు

ఒక జతలో రెండు పెట్టెలుండును. కిరణమును పంపుదానిని ప్రేషకమనియు, అందుకొనుదానిని గ్రాహకమనియు ఈ పాఠమున వ్యవహరింతము. బజారువారు వీనిని ట్రాన్స్‌మిటరు, రిసీవరు అందురు. ప్రేషకము కిరణమును నిలకడగా వెలిగింపక, మిక్కిలి వేగముగా ఆర్పుచు వెలిగించుచు పంపును. గ్రాహకము అట్టి లయ గల కాంతినే గుర్తించును. పగటివెలుతురులోను పరారుణ కిరణములున్నను యంత్రము పనిచేయుటకు ఇదియే కారణము.

కిరణము అందుచున్నంతవరకు గ్రాహకములోని విద్యుత్సంధి మూసికొని యుండును. కిరణము తెగినచో సంధి తెరచుకొనును. ప్యానెలు పెట్టె దీనిని కనిపెట్టి సైరనును మ్రోగించును. తీగెను ఎవరైన కత్తిరించినను సంధి తెరచుకొన్నట్లే యగును గావున అప్పుడును సైరను మ్రోగును. ఈ యేర్పాటును మార్చి, కిరణము తెగినపుడు సంధి మూసికొనునట్లు తీగెలు కలుపుట తప్పు. అట్లు కలిపినచో దొంగ తీగెను కత్తిరించి నిశ్చింతగా లోపలికి పోవచ్చును.

మంచి జతలయందు ఒకే పెట్టెలో రెండు కిరణము లొకదానిపై నొకటి పోవుచుండును. రెండును ఒక్కసారిగా తెగిననే సైరను మ్రోగును. ఎగిరిపోవు పిచ్చుక, రాలిపడు ఆకు, ఒక కిరణమునే అడ్డగించును. మనుష్యుని దేహము రెంటిని అడ్డగించును. ఆరుబయట పెట్టవలసినచోట ఒంటికిరణపు జతను కొనకుడు. వెలలోని తేడా రెండు మూడు తప్పుకూతలచేత పోవు నమ్మకముతో పోల్చిన చాల స్వల్పము.

3. స్థలనిర్ణయము

మొదట కాగితముమీద గిడ్డంగి పటము గీయుడు. తలుపులు, కిటికీలు, చెట్లు, కరెంటు స్తంభములు, బండ్లు వచ్చు దారి, పశువులు తిరుగు చోటు, అన్నియు గుర్తింపుడు. పిమ్మట ప్రేషకమునకును గ్రాహకమునకును నడుమ తిన్నని గీత గీచి, ఆ గీతవెంట నడచి చూడుడు. నేడు అడ్డులేని గీతకు వానకాలమున గడ్డి పెరిగి అడ్డుపడవచ్చును. వేపకొమ్మ గాలికి ఎంతదూరము ఊగునో కూడ చూచుకొనవలయును. గీతకు ఇరుప్రక్కల ఒక గజము మేర ఎల్లప్పుడును ఖాళీగా నుండవలెను.

కిరణము నేలకు 70 సెంటీమీటర్లనుండి ఒక మీటరు ఎత్తున పోవుట సామాన్యపద్ధతి. కుక్కలు, కోళ్లు క్రిందుగా పోవును; నడచు మనిషి తప్పించుకొనలేడు. ప్రాకి వచ్చు దొంగకు వెరచువారు 40 సెంటీమీటర్ల ఎత్తున రెండవ జతను పెట్టుకొనవచ్చును గాని, అప్పుడు ఆవరణలోనికి కుక్కలు రాకుండ చూచుకొనుట తప్పనిసరి.

పెట్టెమీద వ్రాసియున్న దూరమును గమనింపుడు. ఆరుబయటి దూరము, గదిలోపలి దూరము వేరువేరుగా వ్రాయుదురు; మన కవసరమైనది ఆరుబయటిది. 60 మీటర్ల స్థలమునకు సరిగా 60 మీటర్ల యంత్రముకంటె 100 మీటర్ల యంత్రమును కొనుట మేలు. పుష్యమాసపు మంచులోను శ్రావణమాసపు జడిలోను ఆ యధికశక్తియే కాపాడును.

ఇక సూర్యుని సంగతి. లయ గల కాంతినే గుర్తించు గ్రాహకమైనను, ఉదయించు సూర్యుడు తిన్నగా కంటిలో పడినచో మనవలెనే కన్ను చెదరును. కావున వీలైనంతవరకు గీతను ఉత్తర దక్షిణములుగా వేయుడు. తూర్పు పడమరలుగా వేయక తప్పనిచో గ్రాహకమును ఏ చెట్టుగాని గోడగాని సూర్యుని మరుగుపరచునో ఆ దిక్కునకు మొగము పెట్టుడు. మన ప్రాంతమున సూర్యోదయస్థానము సంవత్సరములో తూర్పునకు ఉత్తరముగా ఇంచుమించు 25 డిగ్రీలు, దక్షిణముగా నంతే జరుగుచుండును. అందుచేత సరిగా తూర్పు పడమర గీతకు సూర్యుడు ఎదురుపడునది మార్చి మూడవ వారమునను, సెప్టెంబరు నాలుగవ వారమునను మాత్రమే. యంత్రమును జూనులో పెట్టి పరీక్షించినవారికి ఈ లోపము కానరాదు. సెప్టెంబరు వచ్చిన పిమ్మట కొన్నాళ్లు ఉదయముననో సాయంకాలముననో ఒకే వేళకు సైరను మ్రోగును. మరల దానంతటది మానును. దయ్యమనుకొనువారును, యంత్రము చెడినదనుకొనువారును గలరు. పంచాంగము చూచినవారికి కారణము తెలియును.

గిడ్డంగి నాలుగు ప్రక్కలను నాలుగు జతలు పెట్టునపుడు మరియొక జాగ్రత్త. ఒక జత ప్రేషకపు కాంతి వేరొక జత గ్రాహకములో పడరాదు. పడినచో తన కిరణము తెగినను ఆ గ్రాహకము పొరుగు కాంతిని చూచి మోసపోయి మిన్నకుండును. దీనికి మందు సులభము: ఒక మూలయందు రెండును ప్రేషకములు, తరువాతి మూలయందు రెండును గ్రాహకములు, ఇట్లు మార్చి మార్చి పెట్టవలెను. కొన్ని యంత్రములయందు లయను మార్చుటకు మీటలుండును. ఒక్కొక్క జతకు వేరువేరు లయ నేర్పరచిన మరియు మంచిది.

4. స్తంభములు, పునాది

తప్పుకూతలకు మూలము పెక్కుచోట్ల యంత్రములో లేదు; స్తంభములో నున్నది. ఒక చిన్న లెక్క చూడుడు. 60 మీటర్ల దూరమున ఎదురుబొదురుగా రెండు పెట్టెలున్నవి. ప్రేషకపు స్తంభము 1 డిగ్రీ మాత్రము, అనగా కంటి కానరానంత స్వల్పముగా, ఒరిగినది. అవతలి చివరను కిరణపు నడిమిభాగము ఒక మీటరుకంటె కొంచెము అధికముగా ప్రక్కకు జరుగును. గడియారములో ఒక నిమిషమునకు పెద్దముల్లు జరుగునది 6 డిగ్రీలు. దానిలో ఆరవవంతునకే ఇంత తేడా.

కావున చెట్టునకుగాని, కంచెరాతికిగాని, కొయ్యగుంజకుగాని పెట్టెలను బిగింపరాదు. గట్టి గోడ యున్నచో గోడకు బిగించుట యన్నిటికంటె మేలు. లేనిచో ఒకటిన్నర అంగుళపు జింకుపూత గొట్టమును కాంక్రీటులో పాతవలెను. ఎర్రనేలలయందును గట్టినేలలయందును రెండడుగుల లోతు చాలును. నల్లరేగడి నేలలయందు, అనగా గుంటూరు, కర్నూలు, ఆదిలాబాదు ప్రాంతముల ప్రత్తినేలలవంటివానియందు, ఇది చాలదు. ఆ నేల వానకు ఉబ్బును, ఎండకు నెఱియలు విచ్చును. దానితోపాటు స్తంభమును కదలుచుండును. అట్టిచోట లోతుగా త్రవ్వి, గొయ్యి అడుగున ఇసుకయు గులకరాయియు వేసి, కాంక్రీటుదిమ్మ చుట్టును కూడ రేగడిమట్టికి బదులుగా మొరముతో నింపవలయును. ఇంత చేసినను తొలకరివానల తరువాత నొకమారు, వేసవి నడుమ నొకమారు గురిని సరిచూచుకొనక తప్పదు.

కాంక్రీటు పోసిన మరునాడే పెట్టెలను బిగించి గురి కుదుర్చు తొందర పనికిరాదు. వారము దినములు తడుపుచు గట్టిపడనీయుడు.

5. తీగెలు, విద్యుచ్ఛక్తి

ఒక్కొక్క పెట్టెకు విద్యుచ్ఛక్తికై రెండు తీగెలు వలయును. గ్రాహకమునకు సంధికై మరి రెండు, మూత తెరచినచో తెలియజేయు సంధికై ఇంకొక రెండు వలయును. తీగెలను గొట్టములో పెట్టి నేలలో పూడ్చుడు. ఎలుకలు, పలుగుపారలు రెండును తీగెకు శత్రువులే. మోటారు తీగెలు పోవు గొట్టములో వీనిని పెట్టరాదు. కనీసము ఒక అడుగు ఎడముగా తీసికొనిపోవలెను. పెట్టెలోనికి తీగె దిగుచోట రంధ్రమును రబ్బరు బిళ్ళతోగాని సిలికాను జిగురుతోగాని మూయవలెను. మూయనిచో చీమలు, బల్లులు లోపల కాపురము పెట్టును.

తీగె సన్నమైనచో వోల్టేజి దారిలోనే తగ్గును. అర చదరపు మిల్లీమీటరు రాగితీగెకు 100 మీటర్లకు సుమారు 3.5 ఓముల నిరోధము. ప్యానెలునుండి దూరపు పెట్టె 150 మీటర్లున్నచో రాకపోకలు కలిపి 300 మీటర్లు; నిరోధము 10.5 ఓములు. జత 80 మిల్లీఆంపియర్లు తీసికొనుననుకొన్నచో దారిలో తగ్గునది 0.84 వోల్టు. 12 వోల్టులలో ఇది యోర్చుకొనదగినదే. కాని అదే తీగెమీద అర ఆంపియరు తీసికొను సైరనును కూడ తగిలించినచో మరి 5 వోల్టులకు పైగా తగ్గును. అప్పుడు విచిత్రమైన లోపము పుట్టును. ఎప్పుడో ఒకమారు సైరను మ్రోగును. మ్రోగినంతనే వోల్టేజి పడిపోయి ప్రేషకము ఆరిపోవును. ప్రేషకము ఆరినందున సైరను మ్రోగుచునే యుండును. ఎవరెంత వెదకినను దొంగ కానరాడు, సైరనును నిలువదు. సైరనునకు ప్రత్యేకముగా వేరు తీగె వేయుటయే దీనికి మందు.

కరెంటు పోయినపుడును యంత్రము పనిచేయుటకు బ్యాటరీ వలయును. రెండు జతలును ప్యానెలును కలిసి 260 మిల్లీఆంపియర్లు తీసికొనుననుకొన్నచో, 7 ఆంపియరుగంటల బ్యాటరీ లెక్కప్రకారము 27 గంటలు రావలెను. పాతబడిన బ్యాటరీ అందులో సగమైనను రాకపోవచ్చును. కావున మూడు నెలలకొకమారు కరెంటును మనమే ఆపి, యంత్రము ఎన్ని గంటలు నిలుచునో గడియారము పెట్టి చూడవలెను.

ఇచట నొక హెచ్చరిక చేయక తప్పదు. దొంగలకని, అడవిపందులకని కంచెకు ఇంటికరెంటును తగిలించువారు కొందరు గలరు. అది నేరము, అంతకుమించి ప్రాణాపాయము. చీకటిలో ముందుగా దానిని ముట్టునది దొంగ కాక, నీరుకట్టుటకు పోవు పొరుగురైతే కావచ్చును. పరారుణ కిరణము ఎవరికిని హాని చేయదు. 12 వోల్టుల తీగె ఎవరిని చంపదు. కావలికి కావలసినది కేక, ఘాతుకము కాదు.

6. గురి కుదుర్చుట

ఈ పనికి ఇద్దరు మనుష్యులు, ఒక మల్టీమీటరు, ఓపిక వలయును. ఒకడు ప్రేషకమువద్ద, ఒకడు గ్రాహకమువద్ద నిలిచి సెల్‌ఫోనులో మాటలాడుకొనుచు చేయవలెను.

మొదట ప్రేషకపు మూత తీసి, అందలి గురిచూచు రంధ్రముగుండ అవతలి పెట్టెను చూడుడు. మరలను త్రిప్పి మొదట అడ్డముగాను, పిమ్మట నిలువుగాను సవరించి, అవతలి పెట్టె రంధ్రపు నడుమకు వచ్చునట్లు చేయుడు. గ్రాహకమువద్దను ఇట్లే చేయుడు. ఇది ముతకగురి.

పిమ్మట గ్రాహకములో మీటరు తగిలించుటకు గల చోట మల్టీమీటరును తగిలింపుడు. కిరణమెంత బలముగా అందుచున్నదో అంత యెక్కువ వోల్టేజి కానవచ్చును. మరను మెల్లగా త్రిప్పుచు పోవుడు. అంకె పెరుగును, ఒకచోట గరిష్ఠమగును, తరువాత తగ్గ నారంభించును. తగ్గువరకు పోయి, మరల వెనుకకు వచ్చి గరిష్ఠమువద్ద నిలుపుడు. తగ్గునంతవరకు పోనివారికి గరిష్ఠము తెలియదు. చాలమంది సైరను ఆగినంతనే గురి కుదిరినదని మూత బిగింతురు. అట్టి గురి అంచుమీది గురి. కొద్దిపాటి మంచునకే అది తప్పును. ఏ వోల్టేజి మంచిదో యంత్రముతో వచ్చిన పుస్తకములోని పట్టికలో నుండును. ఆ పుస్తకమును పారవేయకుడు.

మూతలు బిగించిన పిమ్మట మరల కొలతలు చూడుడు. తుది వోల్టేజిని తేదీతోసహా మూత లోపల వ్రాసియుంచుడు. రేపు లోపము వచ్చినపుడు ఈ అంకెయే మొదటి సాక్షి.

7. వ్యవధి నేర్పరచుట

కిరణము ఎంతసేపు తెగినచో సైరను మ్రోగవలెనో నిర్ణయించుటకు గ్రాహకములో చిన్న మర యుండును. సెకనులో వేయవవంతును మిల్లీసెకను అందురు. మనిషి దేహము ముందువెనుకలకు సుమారు 30 సెంటీమీటర్ల మందము. సెకనునకు 1.2 మీటర్ల చొప్పున నడచువాడు కిరణమును 250 మిల్లీసెకన్లు అడ్డగించును. సెకనునకు 5 మీటర్ల చొప్పున పరుగెత్తువాడు 60 మిల్లీసెకన్లు మాత్రమే అడ్డగించును. పక్షుల బాధ పడలేక మరను 500 మిల్లీసెకన్లకు త్రిప్పినచో పక్షులతోపాటు దొంగయు స్వేచ్ఛగా పోవును. పరుగెత్తి రాదగిన బయలుచోట 50 మిల్లీసెకన్లును, బస్తాల నడుమ సందువలె పరుగెత్తుటకు వీలులేనిచోట 150 మొదలు 200 మిల్లీసెకన్ల వరకును ఉంచుట ఉచితము. తప్పుకూత వచ్చినప్పుడెల్ల ఈ మరను త్రిప్పుట మొదటి మందు కాదు. అది చివరి మందు.

8. పరీక్ష

పని ముగిసిన పిదప ఒక పై కిరణమునుమాత్రము చేతితో మూసి చూడుడు. జంటకిరణపు జతయైనచో సైరను మ్రోగరాదు. రెంటిని మూసినచో మ్రోగవలెను. తరువాత ప్రేషకమువద్ద, నడిమధ్యను, గ్రాహకమువద్ద, మూడుచోట్లను నడచియు, పరుగెత్తియు, ప్రాకియు దాటి చూడుడు. ఒక్కచోట చూచి తృప్తిపడకుడు. గీత ప్రక్కన క్రొత్త జింకురేకు గోడయున్నచో కాంతి దానిమీద పడి మరలి, మనిషిని చుట్టివచ్చి గ్రాహకమును చేరవచ్చును. అప్పుడు మనిషి దాటినను సైరను మ్రోగదు. అట్టి రేకునకు కాంతిని త్రిప్పికొట్టని ముతక రంగు పూయుటగాని, గీతను దూరముగా జరుపుటగాని చేయవలెను.

9. లోపములు కనుగొను పద్ధతి

వైద్యుడు నాడి చూడక మందు వేయడు. యంత్రమునకు నాడి చిన్న నోటుపుస్తకము. సైరను మ్రోగినప్పుడెల్ల తేదీ, గంట, గాలి, వాన, మంచు, ఎండ, కరెంటు స్థితి, చుట్టుప్రక్కల పశువులు, ఏ జత మ్రోగినది, ఇవి వ్రాయవలెను. పది కూతలు వ్రాసినచో కారణము సామాన్యముగా తానే బయటపడును.

ఒకే వేళకు ఉదయముననో సాయంకాలముననో మ్రోగినచో సూర్యుని అనుమానింపుడు. గాలిరోజులలో మ్రోగినచో కొమ్మలను, ఊగు పరదాపట్టలను, వదులైన స్తంభమును చూడుడు. తెల్లవారుజామున చలికాలమున మ్రోగినచో మూతమీది మంచునీటిని, అంచుమీది గురిని చూడుడు. మోటారు వేసినపుడెల్ల మ్రోగినచో తీగెలు దగ్గరగా పోవుచున్నవి, లేదా వోల్టేజి పడిపోవుచున్నది. కరెంటు పోయినంతనే మ్రోగినచో బ్యాటరీ చచ్చినది. వానకాలపు మొదటను వేసవియందును మాత్రమే మ్రోగినచో నేలను అనుమానింపుడు. నూర్పిళ్ల దినములలో మ్రోగినచో మూతమీది ఊకదుమ్మును తుడువుడు.

సైరను ఆగక మ్రోగుచున్నచో క్రమముగా పోవలెను. మొదట మూతలు తుడిచి, గీతలో నేదియు అడ్డులేదని చూడుడు. రెండవది, రెండు పెట్టెలవద్దను వోల్టేజి కొలువుడు. ప్యానెలువద్ద కొలిచిన చాలదు. మూడవది, ప్రేషకము వెలుగుచున్నదా? కంటికి కానరాదు గావున సెల్‌ఫోను కెమెరాగుండ చూడుడు. వెలుగుచున్నచో మసకగా తెలుపుగనో ఊదాగనో చుక్క కానవచ్చును. కొన్ని ఫోన్ల కెమెరాలు ఈ కిరణమును ఆపివేయును గావున ముందుగా టెలివిజను రిమోటు మీట నొక్కి ఆ ఫోను పనికివచ్చునో లేదో చూచుకొనుడు. వెనుక కెమెరాకు కానరానిది ముందు కెమెరాకు కానవచ్చుటయు గలదు. నాలుగవది, గ్రాహకములోని మీటరు అంకెను మూతలో వ్రాసిన అంకెతో పోల్చుడు. తగ్గియున్నచో గురి తప్పినది. ఇవి యన్నియు బాగున్నచో లోపము సంధికిని ప్యానెలునకును నడుమ నున్నది. గ్రాహకమువద్ద సంధి తీగెలు రెంటిని విడదీసి, ఒకదాని నొకటి తాకించి చూడుడు. సైరను ఆగినచో లోపము గ్రాహకములో. ఆగనిచో తీగెలో లేక ప్యానెలులో. వలయము చివర నిరోధకము గల ప్యానెలైనచో తీగెలను ఊరక తాకింపరాదు. ఆ నిరోధకము గుండనే కలిపి చూడవలెను. ఆ నిరోధకమును గ్రాహకపు పెట్టెలోనే ఉంచవలెను. ప్యానెలులో ఉంచినచో దారిలో తీగెలు ఒకదాని నొకటి తాకి యంత్రము మూగబోయినను ప్యానెలునకు తెలియదు.

మనిషి దాటినను మ్రోగకుండుట అన్నిటికంటె ప్రమాదకరమైన లోపము; ఏలయనగా ఇది తన్ను తాను చాటుకొనదు. కారణములు నాలుగు: వ్యవధి మర ఎక్కువగా త్రిప్పియుండుట, మెరుగురేకు, పొరుగుజత కాంతి, దారిలో తాకుకొన్న తీగెలు. వారమునకొకమారు దాటి చూచువారికి మాత్రమే ఇది పట్టుబడును.

10. సంఘము చేయవలసిన పని

యంత్రము దొంగను పట్టదు, తలుపు మూయదు, కేకమాత్రము వేయును. ఆ కేక విని వచ్చువారు లేనిచో అది గాలిలో కలిసిపోవును. కావున పాలకవర్గమువారు యంత్రమును కొను తీర్మానముతోపాటు మరి మూడు తీర్మానములు చేయవలెను. సైరను మ్రోగినపుడు ఏ వీథివారు ముందుగా రావలెనో వంతులు వేయుట యొకటి. ప్రతివారము పగటివేళ, ఊరికి ముందుగా చెప్పి, ఒక నిర్ణీత సమయమున దాటి పరీక్షించుటకు ఒక సభ్యుని నియమించుట రెండవది. నెలకొకమారు మూతలను మెత్తని గుడ్డతో, మంచినీటితో తుడిచి, సాలెగూళ్లు తీసి, గడ్డి కోయించుట మూడవది. కిరసనాయిలు, పెట్రోలులతో తుడువరాదు, మూత మసకబారును.

తప్పుకూత వచ్చిన మరునాడు దాని కారణమును కనుగొని, నోటుపుస్తకములో వ్రాసి, సంఘపు నోటీసుపలకమీద ప్రకటింపవలెను. నిద్ర చెడగొట్టుకొని వచ్చినవారికి ఆ మాత్రము సమాధానము చెప్పుట సంఘమునకు ధర్మము. కారణము తెలిసినవారు మరల వత్తురు, తెలియనివారు రారు. ఈ పాఠములోని తొమ్మిదవ భాగమును ఒక కాగితముమీద పెద్దయక్షరములతో వ్రాయించి ప్యానెలు పెట్టె ప్రక్కను అంటించియుంచుడు. రాత్రివేళ సైరను మ్రోగునపుడు పత్రికను వెదకుటకు తీరిక యుండదు.